మామిడి గంపల్లోకి పోయిన కథ

నా చిన్నప్పుడు, వేసవిలో ఒక మంగళవారం పొద్దున సరిగ్గా పదింటికి, నూజివీడులో ఒక కొట్లోని అన్నిటికంటే పాత పుస్తకాన్ని చింపి మామిడి గంపల్లో పరిచాను. టైము ఎందుకు గుర్తుందంటే, అప్పుడే విస్సన్నపేట పదింటి బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది.

అదో వింత కొట్టు. కాయలు మాగవేసే షెడ్డులో సగం అద్దెకు తీసుకుని ఒకావిడ పెట్టింది. మేమంతా పుస్తకాలత్త అనేవాళ్ళం. బడి పుస్తకాలుండవు, పంచాంగాలుండవు. ఎగిరే కోటలు, చుక్కల మీద ఊళ్ళు, ఇంకా రాని కాలాలు, ఇలా లేనివాటి కథలే అమ్మేది. ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ గడ్డిలో పండే రసాల వాసన మధ్యనున్న తడిక దాటి ఆ పుస్తకాల్లోకి పోయేది. పెంకుల సందుల్లోంచి ఎండ వాటి మీద పడుతుంటే, అవి కూడా మెల్లగా మాగుతున్నాయేమో అనిపించేది.

షెడ్డులో మా అమ్మ గంపలు కట్టేది. ఆ రోజు నన్ను చిత్తుకాగితాలు తెమ్మంది. నాకు అక్షరం ముక్క రాదు. చిత్తుకాగితాల కట్ట పక్కనే, అత్త కొట్టు వైపు, ఆ పుస్తకం ఉంది. పాత కాగితం మెత్తన, కాయకు మచ్చ పడదు. అందుకే ఏరి మరీ దాన్నే తెచ్చాను. షెడ్డులో పని చేయించే మేస్త్రి బాబాయి మెచ్చుకున్నాడు కూడా.

గంట తర్వాత అత్త వచ్చి చూసింది. అది ఇంకెక్కడా దొరకని పుస్తకమట. మా అమ్మ చేతులు జోడించింది. "తప్పయిపోయిందండీ, దానికి చదువు రాదండీ." మేస్త్రి వెంటనే ప్లేటు మార్చి, రేపట్నించి తల్లీకూతుళ్ళిద్దరినీ రావొద్దన్నాడు. ఆ సీజను పని పోతే మాకు తిండి లేదు.

అత్త అరవలేదు. కాయల కింద నుంచి ఒక్కో కాగితమూ తీసి, వరస పేర్చి, పైకి చదవడం మొదలుపెట్టింది. నేల నుంచి ఆకాశానికి వాన కురిసే ఊరొకటి ఉందట. ఆ వానధార పట్టుకుని ఒక పిల్ల మబ్బు మీదకి పాకుతోందట. ఆడవాళ్ళ చేతులు కాయల మీదే ఆగిపోయాయి. చివరి కాగితం మాత్రం లేదు. ఆ గంప అప్పటికే లారీ ఎక్కి మైలవరం దాటి ఉంటుంది.

"పైకెళ్ళాక ఆ పిల్ల ఏం చేసిందో చెప్పమ్మాయ్," అని అత్త నన్నడిగింది.

"నాకేం తెలుసండీ?"

"నేనూ మర్చిపోయానే. చెప్పు."

మర్చిపోయిందో, నాటకమాడిందో నాకిప్పటికీ తెలియదు. మబ్బులో గడ్డి పరుచుకుని పడుకుంది, మాగాక దిగింది అన్నాను.

"మాగడానికి అదేమన్నా బంగినపల్లా?" అని మేస్త్రి పగలబడి నవ్వాడు. అత్త నవ్వకుండా రాసుకుని, ఆ కాగితాన్ని చివర అంటించింది. "కథ పూర్తి చేసినావిడ్ని పన్లోంచి ఎలా తీసేస్తావయ్యా?"

మేస్త్రి బుర్ర గోక్కున్నాడు. "సరేలెండి. కాగితాలు మాత్రం దాన్ని ముట్టుకోనివ్వకండి."

నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. కొట్టు ఇప్పుడు బస్టాండు దగ్గరుంది, అత్త కూతురు చూస్తోంది, కాలేజీ పిల్లలు ఎగబడతారు. వెళ్ళి ఆ పేజీ వేలు పెట్టి చదివాను. నేను చెప్పింది అంత గొప్పగా ఏమీ లేదు. కానీ అత్త ఒక్క మాటా దిద్దలేదు. అది చూశాకే, ఎవరేం చెబుతున్నా మధ్యలో దిద్దకుండా చివరిదాకా వినడం నాకు అలవాటైంది. అత్తకిప్పుడు చూపానదు. నేను వెళ్ళి చదివి పెడతాను. తప్పు చదివినా ఊరుకుంటుంది.

ఆ రోజు అక్కడున్నది పుస్తకాలత్త, మా అమ్మ, మేస్త్రి బాబాయి, పక్కింటి అక్క, వాళ్ళ తోడికోడలు, నేను. మా ఆరుగురిలో ఆ పేజీ అప్పుడు చదవగలిగింది అత్త ఒక్కతే. ఇప్పుడు నేనొక్కదాన్నే.