మూడోసారి తీసిన వీడియో

వెన్న తీసే యంత్రంలో బకెట్ పాలు తిప్పడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. నర్సుల చదువులో ఒక పాఠమూ ఇరవై నిమిషాలే. సైరాకుల్ ఐదేళ్ళుగా ఆ రెండింటినీ కలిపి నెట్టుకొస్తోంది. ఫోను గోడకు ఆనించి, ఒక చేత్తో యంత్రం పిడి తిప్పుతూ గుండెజబ్బులూ కాన్పులూ పిల్లల టీకాలూ చదివింది. పుల్లటి పెరుగు ఉండలు చుట్టి ఎండబెట్టే రోజుల్లో చెవిలో పాఠం పెట్టుకునేది. నారిన్ పట్నం వెళ్ళే మినీబస్సులో పరీక్షలు రాసేది. ఊరి వైద్యశాలలో ఇరవై రెండేళ్ళుగా ఆమే నర్సు. ఐదేళ్ళకోసారి ఇన్ని గంటలు చదివినట్టు చూపిస్తేనే కొత్త ధ్రువపత్రం ఇస్తారు. అది లేకపోతే ఉద్యోగం లేదు.

గంటలు నిండాయి. ఇక మిగిలింది ఒక్క వీడియో. డెబ్బై దాటిన మనిషికి సూది వేసే పని మొదటినుంచి చివరిదాకా చేసి చూపించాలి. రెండుసార్లు పంపింది. రెండుసార్లూ నారిన్ నుంచి ఒకే జవాబు: "ఒక మెట్టు తప్పింది. మళ్ళీ పంపండి." ఏ మెట్టో రాయలేదు. మూడోదే ఆఖరు.

జవాబు రాసేది పెరిజాత్ అనే అమ్మాయి. ఆమె పిన్ని కూతురు నర్సు చదువు ముగించి ఈ ఊళ్ళోనే ఖాళీగా ఉంది. సైరాకుల్ ఆ రెండు సంగతుల్నీ పక్కపక్కన పెట్టి చూసింది. ఎలా చూసినా అతుకుతున్నాయి.

అనుమానం అక్కడితో ఆగలేదు. వీడియో తీసింది అత్తగారు. చదువు పేరుతో కోడలు పట్నంలో కొలువు వెతుక్కుంటోందని ఆవిడ గట్టి నమ్మకం. అసలు ఘట్టం దగ్గర ఫోను పక్కకు తిప్పేసిందేమోనని సైరాకుల్ రెండు వీడియోలూ నాలుగేసిసార్లు చూసింది. చేతులు కడగడం ఉంది. రోగి కార్డు చూడటం, మందు గడువు చూడటం ఉన్నాయి. ఆమె 'ఆతా' అని పిలిచే మామగారు రోగిగా కూర్చుని, చొక్కా చెయ్యి మడిచి, గుర్తింపు కార్డు ఫోటోలో లాగా బిగుసుకుని ఉన్నారు. సూది ఆయన చేతికి కట్టిన స్పాంజిలోకి తిన్నగా దిగింది.

"అపా, మధ్యలో ఏమైనా ఆపేశారా?" అని అత్తగారిని అడిగింది.

"ఆపడానికి ఆ బొత్తాలు నాకేం తెలుసు? నువ్వే పట్నంవాళ్ళకి ఏదో సైగ చేస్తున్నావేమోనని చూస్తున్నా."

"చేతిలో సూది పెట్టుకుని ఏం సైగ చేస్తాను?"

"ఏమో. శనివారం మీ ఆతా మేతకి గొర్రెల మందతో కొండెక్కేస్తాడు. ఆ తర్వాత నీ స్పాంజి ఆవుకి కట్టుకో."

గురువారం వైద్యశాల నుంచి పెరిజాత్‌కు ఫోన్ చేసింది. ముందుగా చిన్న వల విసిరింది. "మీ చెల్లెలికి ఉద్యోగం ఏమైనా దొరికిందా, అమ్మా?"

"దొరికిందక్కా, బిష్కెక్‌లో. వారం అయింది చేరి. ఎందుకు?"

"ఊరికే." అంది సైరాకుల్. "నా వీడియోలో ఏ మెట్టు పోయింది?"

"నేను చెప్పకూడదు, మీరే పట్టుకోవాలి. పోనీ ఇది చెప్పండి. మీరు సూది వేసినాయన పేరేంటి?"

సైరాకుల్ ఫోను రెండో చెవికి మార్చుకుంది. "కార్డులో ఉంది."

"కార్డులో ఉంది, మీ నోట రాలేదు. రెండుసార్లూ 'ఇందులో ఉన్నది మీరే కదా ఆతా' అనేశారు. పేరూ పుట్టిన సంవత్సరమూ పైకి చదివి, అవుననిపించాలి."

"ఆయన మా మామగారు, తల్లీ."

"నేనూ ఒకింటి కోడల్నే," అంది పెరిజాత్. "వేరే పెద్దాయన్ని కూర్చోబెట్టుకోండి."

వేరే ఎవర్ని? ఊళ్ళో డెబ్బై దాటిన వాళ్ళందరూ భర్తకు ఏదో వరసలో పెద్దవాళ్ళే. కోడలు అత్తింటి పెద్దల పేరు పలకకూడదు కాబట్టి, ఆడవాళ్ళతో సహా ఎవరి పేరూ ఆమె నోటితో అనదు. ఎర్రగేటు తాత, తేనెపెట్టెల పెద్దాయన, కుంటిగుర్రం అవ్వ. ఇరవై రెండేళ్ళుగా అలాగే పిలిచి అలాగే సూదులు వేసింది. ఒక్కటీ తప్పు పోలేదు.

పోలేదా? తేనెపెట్టెల ఇంట్లో అన్నదమ్ములిద్దరూ డెబ్బై దాటినవాళ్ళే. మొన్న చలికాలంలో ఇద్దరూ ఒకే రోజు, ఒకేలాంటి టోపీలతో వచ్చారు. సైరాకుల్ లేచి పెట్టెలోంచి వాళ్ళ కార్డులు తీసింది. రెండింటి మీదా ఒకే తేదీ, తన రాతే, వేర్వేరు మందులు. ఎవరి చేతికి ఏది వెళ్ళిందో కార్డు ఏం చెబుతుంది? ఇన్నాళ్ళూ పక్కవాళ్ళను తూకం వేసిన మనిషి, ఆ సాయంత్రం ఇంటికి నడుస్తున్నంతసేపూ తన చేతుల వంకే చూసుకుంది.

శుక్రవారం పొద్దున టీ దగ్గర మామగారికి సంగతి చెప్పింది, తల వంచుకుని.

అత్తగారు కప్పు కింద పెట్టింది. "నా పెళ్ళయి యాభై ఏళ్ళు. నేనే ఆ పేరు ఒక్కసారీ అనలేదు."

"నువ్వు ఏమేమన్నావో నాకు తెలుసులే," అన్నారు మామగారు రొట్టె తుంచుతూ. "తెల్లకోటు వేసుకుని అను, అమ్మాయ్. కోటు విప్పాక మళ్ళీ ఆతానే."

"కోటు వేసుకుంటే కోడలు కాకుండా పోతుందా?" అందావిడ. కానీ ఫోను చేతిలోకి తీసుకుంది.

సైరాకుల్ చేతులు కడుక్కుంది. కార్డు కళ్ళకు ఎదురుగా ఎత్తి పట్టుకుంది, ఆయన ముఖం కనపడకుండా.

"కాల్మాతోవ్ తుర్దాలీ. పుట్టింది నలభై తొమ్మిదిలో. మీరేనా?"

చెవులు మండాయి. ఆయన పలకలేదు. కోపమొచ్చిందా? కార్డు అంచు మీదుగా దొంగచూపు చూసింది. ఆయన కిటికీ వైపు చూస్తున్నారు. ఆయన తల్లి పోయి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఆ తర్వాత ఈ ఇంట్లో ఏ ఆడగొంతూ ఆ పేరు పలకలేదు.

"సరిగ్గా వినపడలేదు," అన్నారు. "ఇంకోసారి చదువు."

మూడు దొడ్ల అవతల గొర్రె దగ్గితే ఏ గొర్రెదో చెప్పగల చెవులు ఆయనవి. అది తెలిసీ సైరాకుల్ ఇంకోసారి చదివింది, ఈసారి కొంచెం నెమ్మదిగా.

"ఆఁ, నేనే," అన్నారాయన.

శనివారం మంద ఊరు దాటాక జవాబు వచ్చింది: "అన్ని మెట్లూ ఉన్నాయి. ఒక మెట్టు మాత్రం రెండుసార్లు ఉంది, పర్వాలేదు." ఆ 'పర్వాలేదు'లో ఏమైనా మెలిక ఉందేమోనని సైరాకుల్ దాన్ని మూడుసార్లు చదివింది.