అచ్చు చెరిపిన కమ్మీలు

నా పేరు సుంకులమ్మ. డెబ్బై రెండేండ్లు. వేంపల్లె పక్క పల్లెలో నేనూ, కోడలూ, మనవరాలూ ఉంటాం. నాకు చదువు లేదు. నేను చెప్తాంటే మనవరాలు పెద్ద సార్లకు ఈ అర్జీ రాస్తాండాది.

పోయిన శుక్రవారం పొద్దున మా మేస్త్రీ చనిపోయినాడు. రొమ్ములో దుమ్ము చేరి ఏడాదిగా దగ్గుతానే ఉండె. ఆయన్ను మట్టి చేసినాంక నా కాళ్లు ఇంటికి పోలేదు. కొత్త బడి కాడికి పోయినాయి. ఎందుకో చెప్తా, వినండి.

ఆయన కింద ఇరవై ఏండ్లు సిమెంటు మోసినా. కమ్మీలకు తీగ బిగించడం నాకు నేర్పింది ఆయనే. ఆడమనిషికి ఆ పనేందని ఒకరంటే, "చేతికి మగాడేంది, ఆడదేంది" అన్నాడు. నోట్లో ఎప్పుడూ వక్క ముక్క. కమ్మీల లోడు దిగితే చాలు, ఒక్కోదాన్నీ ఈ కొస నుంచి ఆ కొసకు తడిమి చూస్తాండె. చేసినోళ్ల పేరు కమ్మీ మీద ఉబ్బెత్తుగా అచ్చు పోసి ఉంటాది. ఆయనకూ చదువు రాదు గానీ ఏ అచ్చు ఎవరిదో వేళ్లకు తెలుసు. "చేసినోడి గడప యాడుండాదో తెలిస్తే, రేపు ఏమన్నా అయితే పోయి అడగొచ్చక్కా" అంటాండె.

బడి గదుల పని వచ్చినప్పుడు ఇంజనీరు సారు కాగితం చదివి వినిపించినాడు. సర్కారు పనికి మన దేశంలో చేసిన ఇనుమే వాడాలంట. మేస్త్రీ నవ్వి, "నేను ఇన్నాళ్లూ వెతుకుతాండేది అదే కదక్కా" అన్నాడు.

రెండో గది కప్పుకని లోడు వచ్చె. తడుముతా తడుముతా ఆయన చెయ్యి ఆగిపాయ. అచ్చు ఉండాల్సిన చోట నున్నగా ఉండాది. మిషను పెట్టి అరగదీసినారు. కట్టకు మాత్రం మేం ఎరిగిన మన దేశం కంపెనీ గుర్తుతో రేకు బిళ్ల వేలాడతాండాది.

కాంట్రాక్టరు వచ్చి, "ఏమప్పా మేస్త్రీ, చదువు రానోడివి, అచ్చుతో నీకేం పని? బిళ్ల ఉంది కదా" అన్నాడు.

"బిళ్ల ఎవరైనా కడతారు సారూ. ఇది యాడ చేసింది?"

"ఓడలో వస్తేనేం, లారీలో వస్తేనేం. ఇనుము ఇనుమే."

"అట్లయితే అచ్చెందుకు అరగదీసినారు?"

మర్నాడు వేరే మేస్త్రీ వచ్చె. మా మేస్త్రీ మళ్లీ ఆ పక్కకు పోలేదు. నేను పోతి. ఇంట్లో గింజ లేదు, పోతి. ఆ కమ్మీలకు తీగ బిగించింది ఈ చేతులే. ఆ తప్పు నాది. దాపెట్టను.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. మంచం పట్టినాంక చూడబోతే ఒకటే అడిగినాడు.

"అక్కా, ఆ రెండో గదిలో ఎవరు కూర్చుంటారు?"

"ఒకటో తరగతి" అంటి.

గోడ పక్కకు తిరిగి పండుకున్నాడు.

నేనడిగేది శానా చిన్నది. ఆ కప్పును ఒక చోట పగలగొట్టి, కమ్మీ తీసి పరీక్షకు పంపండి. గట్టిదని తేలితే వచ్చి నా మొగాన ఉమ్మండి. అందాకా ఆ గదికి తాళం వేయండి. ఆయన్ను మట్టి చేసిన పొద్దు పోయి చూస్తే, మొన్నటి వానకు కప్పు అడుగున తుప్పు రంగు గీత దిగింది. మేం తీగ కట్టిన కమ్మీ లోపల ఏ దారిన ఉండాదో, గీత ఆ దారినే పోతాండాది. ఈ పొద్దు మళ్లీ చూసొస్తి. గీత గోడ దాకా వచ్చింది. దాని కింద పిల్లోళ్లు చాప పరుచుకుని, వరసగా పలకలు పెట్టుకున్నారు.

మనవరాలు చదివి వినిపించె. నేను చెప్పిందే ఉండాది.

సుంకులమ్మ వేలిముద్ర

వేలిముద్ర వేసేది చూసినోళ్లు: కోడలు లక్ష్మీదేవి, ఎదురింటి మాబున్ని