రెండో మిషను నేర్చిన జయశీల

జయశీలది గోపాలపట్నం. ఓడల సరుకు చూసే ఒక ప్రైవేటు కంపెనీ డెబ్భై తొమ్మిదిలో హార్బరు దగ్గర కంప్యూటర్ గది పెట్టినప్పుడు ఆపరేటరుగా చేరింది. బీరువాలంత మిషను. దాన్ని పొద్దున్నే లేపడం, టేపులు మార్చడం, మొరాయిస్తే దారికి తేవడం ఆమెకూ, వన్‌టౌన్ నుంచి వచ్చే ఇద్రీస్‌కీ మాత్రమే తెలుసు.

ఎనభై ఆరులో కంపెనీ యూనిక్స్ అనే కొత్త పద్ధతిలో నడిచే మిషను కొంది. మద్రాసు శిక్షణకి, కొత్తగా చేరిన ఇద్దరు మగవాళ్ళ పేర్లు వేశారు. జయశీల మేనేజరు వీర్రాజు గదిలోకి వెళ్ళి నిలబడింది.

"నీకెందుకమ్మా? పాతది నీకు కొట్టిన పిండి. అది ఉన్నన్నాళ్ళూ నీ ఉద్యోగం ఎక్కడికీ పోదు."

"అది పోతే, సార్?"

"డిస్పాచ్‌లో కూర్చుని కవర్లు అంటించుకో." ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు.

మధ్యాహ్నం కేరేజీ విప్పుతూ ఇద్రీస్ కోప్పడ్డాడు. "రెండు పడవల మీద కాళ్ళెందుకమ్మా? ఒక్కదాన్ని నమ్ముకుంటే సాలదా?"

"పడవలు మనవి కావన్నా, కంపెనీవి. ఈత ఒక్కటే మనది. నాను ఈత నేర్సుకుంతన్నాను."

భర్త రత్నరాజు స్టీలు ప్లాంటు పనుల్లో వెల్డరు. విషయం విని, "పిల్లల్ని నాను సూసుకుంతాను, నువ్వెల్లు" అన్నాడు. జయశీల సెలవు పెట్టి వాల్తేరు స్టేషన్లో మద్రాసు రైలెక్కింది. శిక్షణ గదిలోకి నేరుగా వెళ్ళి, కంపెనీ పేరు చెప్పి, తన సొంత సెలవు మీద వచ్చానని కూడా చెప్పి, ముందు వరసలో కూర్చుంది. అక్కడి మాస్టారు ఆమె పేరు కూడా రాసుకుని, ఉండనిచ్చాడు.

తిరిగొచ్చేసరికి బల్ల మీద మెమో. అనుమతి లేకుండా శిక్షణకి వెళ్ళినందుకు సంజాయిషీ అడిగారు. "నేర్చుకోవడం తప్పయితే చేశాను, మళ్ళీ చేస్తాను" అని రాసి సంతకం పెట్టింది.

ఆ ఏడాదే పాత మిషన్ని విప్పి లారీ ఎక్కించారు. కొత్తది ఆ మగవాళ్ళిద్దరికీ అప్పగించి, జయశీలనీ ఇద్రీస్‌నీ డిస్పాచ్‌కి వేశారు. ఇద్రీస్ ఆ కుర్చీలో ఒక్కరోజు కూడా కూర్చోలేదు. "ఆ మిషను తప్ప నాకింకోటి వద్దు" అని, అన్నగారి గడియారాల కొట్టులో చేరిపోయాడు. అక్కడ బాగానే ఉన్నాడు కూడా. జయశీల రాజీనామా వీర్రాజు చేతికే ఇచ్చింది.

"బయట నిన్నెవరు తీసుకుంటారు?" అన్నాడాయన.

"అది నాను సూసుకుంతాను, సార్."

నాలుగు చోట్ల కాదన్నారు. అయిదో చోట, పాత రకం మిషనూ యూనిక్స్ మిషనూ పక్కపక్కనే నడుస్తున్న ఓ షిప్పింగు ఆఫీసులో, "మీకేది వచ్చు?" అని అడిగారు. "రెండూ" అంది. చూపించమన్నారు. చూపించింది. సోమవారం నుంచి రమ్మన్నారు.

ఎనభై తొమ్మిదిలో అక్కడికి మూడో రకం మిషను వచ్చింది. ఈ వయసులో మళ్ళీ మొదట్నించి ఎందుకు, కుర్రాళ్ళెవరికైనా అప్పగిద్దాం అన్నాడు కొత్త ఆఫీసరు.

"మిషన్ని మార్సినట్టు మనిసిని కూడా మార్సేత్తామంటే నానొప్పను, సార్" అంది జయశీల. అని, కుర్చీ లాక్కుని మిషను ముందు కూర్చుంది.