గోడమీది బొమ్మలో నడిచే మనిషి

తమిళనాడులోని కోవిల్‌పట్టిలో మా పేట పఠన మందిరం గోడమీద ఇరవై ఏళ్లు ఉన్న ఒక బొమ్మ గురించి ఇది రాస్తున్నాను. చెదలు పట్టడంతో దాన్ని తీసేశారు. ఫోన్‌లో ఫోటో తీస్తే అద్దంమీద ట్యూబ్‌లైట్ వెలుగే పడింది. శ్రద్ధగా చూసినవాళ్లం ఇద్దరం. రెండోవారికి రాయడం రాదు. కాబట్టి ఇది నా వంతు.

జానెడు బొమ్మ, ఏదో పరదేశానిది. రాగిరేకుకు మైనం పూసి, సూదితో గీసి, యాసిడ్‌లో ముంచి, సిరా పట్టించి తీసిన అచ్చు. ఈ సంగతి అక్కడి పుస్తకాల్లోనే తెలుసుకున్నాను. తెలుగు అక్షరాలూ అక్కడే నేర్చుకున్నాను. ఎనిమిదో తరగతితో తమిళ బడి మానేసినవాడికి ఇది చిన్న విషయం కాదు.

మూడింట రెండు వంతులు ఆకాశం. ఎడమ అంచున ఒక చెట్టు. కుడివైపు ఒత్తుగా వాలుగీతలు, అదే మబ్బు. వెలుగు కావలసినచోట బొమ్మ గీసినవాడు ఏమీ గీయకుండా కాగితాన్నే వదిలేశాడు. చెట్టు కింద నుంచి దారి వంకర తిరుగుతూ పోతుంది. దారిమీద వడ్లగింజంత మనిషి, మనకు వీపు పెట్టి, ఒక్కడే. చేతిలో ఏదో నల్లటిది.

అది పుస్తకమని అప్పట్లో నా నమ్మకం. వాన వచ్చేలోపు ఇల్లు చేరాలనుకునే చదువరి. అమ్మ పోయాక మా ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు లేరు. అగ్గిపెట్టె లేబుళ్ల ప్రెస్సులో పగలంతా తమిళమే. సాయంత్రాలు ఆ మనిషికి ఎదురుగా కూర్చుని చదువుకునేవాణ్ణి.

బొమ్మ తీసేస్తారని తెలిసి విరుదునగర్‌లోని అక్కకు ఫోన్ చేశాను. ఒక్కసారైనా నాతోపాటు ఎవరైనా దాన్ని చూడాలని నా కోరిక. అక్క పుదూరు దగ్గర నల్లరేగడిలో ముప్పై ఏళ్లు పత్తి పండించింది.

"బొమ్మ చూసేదానికి బస్సెక్కతానంటే మీ బావ నవ్వినాడురా," అంది వస్తూనే.

గీతలు, వెలుగు, పుస్తకం, అన్నీ చెప్పాను. అద్దానికి ముక్కు ఆనించి చూసింది.

"బుక్కు కాదు తమ్మీ. చెప్పులు అవి."

"చేతిలో ఎందుకు పట్టుకుంటాడక్కా?"

"కరిసలు నేల తడిస్తే చెప్పుకి ఎంత మన్ను అంటుకుంటాది? ప్రెస్సు నీడలో ఉండి అంతా మరిసిపోయినావు. వాన వచ్చేది కాదు, కొట్టి పోయుండాది. వాడు నిదానంగా పోతాండాడు, చూడు."

"ఆ దేశంలో నల్లరేగడి ఉంటుందా?"

"అది నీ బుక్కులో చూసుకో."

మళ్లీ చూశాను. దారిలో చిన్న తెల్లటి ఖాళీలు ఉన్నాయి. రాళ్లనుకున్నాను ఇన్నాళ్లూ. నిలిచిన నీళ్లు కావచ్చు. ఇంకేం కనబడుతుందో అడుగుదామనుకునేలోపు, మనవరాలు బడినుంచి వచ్చేస్తుందంటూ నాలుగు గంటల బస్సుకు వెళ్లిపోయింది. ఆమె ఉన్నది పావుగంట. మరుసటి వారం గోడమీద మేకు మాత్రమే ఉంది.

నోటుబుక్కులో ముందు రాసుకున్న 'చేతిలో పుస్తకం' అన్న మాట కొట్టేసి, 'చెప్పులు' అని రాశాను. వాన వెలిసిందనీ రాశాను.

ముగ్గురూ తమ పేర్లు వద్దన్నారు. కుర్చీ ఎక్కి చూడనిచ్చిన మందిరం పెద్దాయనకు, తడిగుడ్డతో అద్దం తుడిచిపెట్టిన ఆయమ్మకు, అంత దూరం వచ్చి నా పక్కన నిలబడిన అక్కకు కృతజ్ఞతలు.