జనగామలో మేం వదిలేసిన బస్సులు

జనగామ దగ్గర కారద్దం నాలుగు వేళ్ళు దించితే చాలు, డీజిల్ పొగా బజ్జీల నూనె వాసనా కలిసి లోపలికొస్తాయి. వాటి వెంటే మా బాపు పటేల్‌తనం గుర్తొచ్చి ఒళ్ళు మండుతుంది.

మాది గంగారం దగ్గర పల్లె. పట్నం పోవాలంటే చీకటితో బయలుదేరి, మానుకోటలో ఒక బస్సు, జనగామలో ఇంకో బస్సు మారాలి. ఆ రోజుల్లో సీటు పట్టడం పెద్ద విద్య. బస్సింకా ఆగకముందే పక్కన పరుగెత్తి, కిటికీలోంచి దస్తీనో తువ్వాలనో, ఏదీ లేకపోతే కాలి చెప్పునో సీటు మీద పడేస్తే ఆ సీటు మనదే. బాపు మాత్రం పరుగెత్తడు. ఇస్త్రీ ధోతి కట్టిన పటేలు బస్సు వెనక ఉరికితే పరువేం కావాలి? మా ఊళ్ళో అయితే డ్రైవరే ఆయన కోసం ఆగి, ముందు సీటు ఖాళీ చేయించేవాడు. జనగామలో ఆయనెవరో ఎవరికీ పట్టదు. ఆ సంగతి తెలియనిది ఆయనొక్కడికే.

అవి పత్తి ఏరే రోజులు. పట్నం దవాఖానలో మా అవ్వ చెల్లెలు ఇయ్యాలో రేపో అన్నట్టుందని కబురొచ్చింది. అవ్వ, అంటే బాపు తల్లి, తెల్లారకముందే లేచి, చెల్లెలికిష్టమని సర్వపిండి కాల్చి బట్టలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. దారి పొడుగునా నువ్వులూ వెల్లుల్లీ కరివేపాకూ కమ్మగా వాసన.

జనగామలో మొదటి బస్సు నిండుగా వచ్చింది. నిలబడేందుకు చోటుంది.

"పటేండ్లం, నిలవడి పోతమా? ఇంకోటొస్తది" అన్నాడు బాపు.

రెండోదీ అంతే. మూడోదాంట్లో పట్నానికి కూలికి పోతున్న తండావాళ్ళు, వాళ్ళ గిన్నెలూ మూటలూ. ఒకామె లేచి, "అవ్వా, గీడ కూసో, నేను మూట మీద కూసుంట" అని చెయ్యందించింది. అవ్వ మెట్టు మీద కాలు పెట్టనే పెట్టింది. బాపు రెక్క పట్టి దించేశాడు. నేనేమైనా తక్కువ తిన్నానా? ఎనిమిదేళ్ళ వెధవని, బాపు మెచ్చుకుంటాడని, "మేం మీ పక్కకు కూసోం" అని ఆమె మొహమ్మీదే అన్నాను. బాపు మెచ్చుకున్నాడు, బజ్జీలు కూడా కొనిపెట్టాడు. సిగ్గు లేకుండా తిన్నాను.

ఐదో బస్సులో సీట్లు దొరికాయి. పట్నంలో దిగాక దారి అడగడం మళ్ళీ నామోషీ. అన్నీ తెలిసినట్టు బాపు ముందు నడిచాడు, ఒకే చౌరస్తాకు మూడుసార్లు వచ్చాం. దవాఖాన చేరేసరికి సాయంత్రమైంది. చిన్నవ్వ మధ్యాహ్నమే పోయింది.

"అక్క అచ్చిందా, అక్క అచ్చిందా అని అడుక్కుంటనే పోయింది" అంది ఆమె కోడలు.

అవ్వ ఏడవలేదు. సర్వపిండి మూట బాపు చేతిలో పెట్టి, "తిను పటేలా, కూసోని తిను" అంది. కన్నకొడుకును పటేలా అని పిలవడం అదే మొదలు. చచ్చేదాకా మళ్ళీ కొడకా అనలేదు.

ఇప్పుడా రోడ్డు వెడల్పయింది. కిటికీలోంచి దస్తీలు వేసేవాళ్ళు పోయారు, బాపూ అవ్వా పోయారు. జరిగి చోటిచ్చేవాళ్ళు ఇంకా ఉన్నారేమో నాకు తెలియదు, నేను బస్సెక్కి ఏళ్ళయింది. మొన్న మానుకోట నుంచి వస్తుంటే జనగామకు ఇవతల ఒక ముసలామె, బస్సు తప్పిందేమో, ఎండలో నిలబడి చెయ్యెత్తింది. కారులో నేనొక్కణ్ణే.

సీటు మాస్తుందని ఆపలేదు.