గొడుగుల గోడ

పోయిన వారం తెనాలిలో ఒక ఆఫీసు వెనక ప్రహరీ గోడను ఫోటో తీశాను. గొడుగులు బాగుచేసే తాత దాని నిండా రంగురంగుల గొడుగులు వేలాడదీశాడు. పెచ్చులూడిన గోడ ఎంత అందంగా ఉందో! ఆ ఫోటో పేపర్లో కూడా వచ్చింది.

ఈ రోజు తాతకొక కాపీ ఇద్దామని వెళ్తే గోడకు కొత్త సున్నం వేసి ఉంది. తాత రోడ్డవతల ఎండలో ఒట్టి చేతులతో కూర్చున్నాడు.

"ఏంటి తాతా, ఇక్కడున్నావు?"

"పేపర్లో చూసి ఆఫీసు పెద్దసారు నన్ను లేపించేశాడు బాబూ. గొడుగులన్నీ ట్రాక్టర్లో పడేసి తీసుకుపోయారు. ఇరవై ఏళ్ళు ఎవరి కంటా పడలా."

ఫోటో చేతికిచ్చాను. "ఉండనీ. మా గొడుగులేవని అడిగినోళ్ళకి చూపిస్తా" అన్నాడు.

మా అమ్మ నా కాపీకి ఫ్రేము కట్టించమంటోంది. మీరైతే కట్టిస్తారా?