మా అత్తమ్మకు నేను చెప్పిన ఇంగ్లీషు సినిమా

ఆ రోజుల్లో మా ఆర్మూర్‌లో ఇంటర్ పాసైన కోడలంటే ఇంగ్లీషు వచ్చిన కోడలని లెక్క. ఆ ఇంగ్లీషు పేపరు ఎన్నోసారికి గట్టెక్కిందని ఎవరూ అడిగేవారు కాదు (మూడోసారికి. ఇప్పుడు చెబితే ఎవరికి నష్టం?). ఎనభైల చివర్లో నేను కాపురానికి వచ్చిన వారంలోనే మా అత్తమ్మ నన్ను వాడకట్టంతా తిప్పి, "మా కోడలికి ఇంగ్లీషొస్తది" అని ఇంటింటికీ చెప్పి వచ్చింది. ఇక ఎవరింటికి ఎరువు సంచి వచ్చినా దాని మీద ఏముందో చదవమని నన్నే పిలిచేవారు. సంచికి రెండో వైపు తెలుగులో కూడా రాసి ఉండేది కాబట్టి నా పరువు నిలబడింది.

మా ఆయన నిజామాబాద్‌లో ఒక ఆఫీసులో గుమస్తా. పొద్దున్నే బస్సెక్కి మాక్లూర్ మీదుగా పోతే, మళ్ళీ దీపాలు పెట్టాకే ఇంటికి రావడం. వచ్చాకైనా రెండు మాటలు మాట్లాడుకుందామంటే, మా గదికీ హాల్లో అత్తమ్మ మంచానికీ మధ్య ఒక్కటే తలుపు, దానికి గొళ్ళెం లేదు. "కూరలో ఉప్పు ఎక్కువైందా?" అని నేను గుసగుసగా అడిగితే, "జర ఎక్కువనే అయింది బిడ్డా" అని తలుపు అవతల నుంచి జవాబు వచ్చేది. అందుకని నిజామాబాద్‌లో ఒక గది తీసుకుందామని ఇద్దరం తీర్మానించాం. తీర్మానం అయితే అయింది గానీ, అత్తమ్మకు చెప్పేదెవరు? ఇద్దరు మగాళ్ళ పసుపు పని ఒక్కతే చేసే మనిషి. ఆమె గట్టిగా దగ్గితే మామయ్య కూడా పొలం గట్టు మీద ఆగిపోయేవాడు. "మీ అమ్మనే గదా, నువ్వే చెప్పు" అని నేను. "ఆడోళ్ళు ఆడోళ్ళు మాట్లాడుకుంటే మంచిగుంటది" అని ఆయన. ఇట్లా నెల గడిచింది. కొడుకును వేరు పెట్టించిందన్న మాట వస్తుందేమోనని నాకు భయం. ఆ గది దొరక్కపోతే మా పెళ్ళి ఇట్లా గుసగుసల్లోనే ముసలిదైపోతుందని అంతకంటే పెద్ద భయం.

ఆ ఏడు పసుపు ఉడకబెట్టి, ఎండబెట్టి, అమ్మడం కూడా అయిపోయాక, వాడకట్టు ఆడవాళ్ళకు మంచి భక్తి సినిమా చూపిస్తానని అత్తమ్మ మాటిచ్చింది. ఆఫీసు లేని ఐతారం నాడు మా ఆయన వీసీఆరు కిరాయికి తెచ్చాడు. క్యాసెట్టు డబ్బా మీద దేవుడి బొమ్మ. అత్తమ్మ టీవీకి పసుపు కుంకుమ పెట్టి, ఊదుబత్తి ముట్టించి, కొబ్బరికాయ కొట్టింది. వస్తామన్న వాళ్ళంతా ఏదో పెళ్ళికి పోతే పక్కింటి పెద్దవ్వ ఒక్కతే వచ్చి, టీవీకి దండం పెట్టుకుని కూర్చుంది. బొమ్మ మొదలైంది. నలుపు తెలుపు. ఒక గంట మోగింది. తెల్లటి బట్టల్లో ఒక తెల్లామె, నల్లకోటులో ఒక తెల్లాయన. ఏం జరుగుతోందో మాకు అర్థమయ్యేలోపే ఆయన ఆమెను ముద్దు పెట్టుకున్నాడు. దండం పెట్టిన చేతులు దించాలో వద్దో తెలియక పెద్దవ్వ అట్లాగే ఉండిపోయింది. "డబ్బాలు మారినయే" అని మా ఆయన లేచి, క్యాసెట్టు మార్చుకొస్తానని చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికాడు (దుకాణం మధ్యాహ్నం మూసి ఉంటుందని ఆయనకు తెలుసు. మళ్ళీ సినిమా అయ్యాకే కనిపించాడు).

"కొబ్బరికాయ కొట్టినంక బంద్ చేస్తరా? ఏదైతేంది, సూద్దాం. కోడలా, వాళ్ళేమంటున్నరో నువ్వు చెప్పు" అంది అత్తమ్మ.

నాకు వచ్చిన ఇంగ్లీషులో కమ్, గో, వై అనే మాటలు బాగా వచ్చు. వాళ్ళు అవి తప్ప అన్నీ మాట్లాడుతున్నారు. ఆయన ఆమెను 'హనీ' అన్నాడు. హనీ అంటే తేనె అని ఎక్కడో చదివాను గానీ, పెళ్ళాన్ని ఎవడైనా తేనె అని పిలుస్తాడా? పేరే అయి ఉంటుందనుకున్నాను. "పిల్ల పేరు హనీ అత్తమ్మా" అన్నానో లేదో, ఆ పిల్ల మొగుడిని "హనీ" అని పిలిచింది. "మరి పిలగానిది?" అని పెద్దవ్వ. "వానిది గూడ హనీయే పెద్దవ్వా. పెండ్లయినంక వాళ్ళల్ల ఇద్దరికి ఒక్కటే పేరు పెడ్తరు" అన్నాను. పెద్దవ్వ ముక్కున వేలేసుకుంది. అత్తమ్మ మాత్రం ఆలోచించి, "మంచిగనే ఉన్నది తియ్యి. యాది పెట్టుకునే ఫికరుండదు" అంది.

ఆ మాటతో నాకు ధైర్యం వచ్చింది. పిల్లవాడి తండ్రి, పెద్ద మీసాలాయన, బల్ల మీద గుద్ది తలుపు చూపించాడు. "పట్నంల రూం తీసుకొని సల్లగ బతకుండ్రి బిడ్డా అని దీవిస్తున్నడు" అన్నాను.

"దీవిస్తే గంత మొత్తుకునుడెందుకే?"

"వాళ్ళ దిక్కు గట్లనే దీవిస్తరత్తమ్మా."

కొత్త జంట ఒక మేడ మీద చిన్న గదిలో దిగింది. పైకప్పు కురిసింది, పొయ్యి అంటుకోలేదు, వాడి నౌకరీ పోయింది. ఇద్దరూ గిన్నెలు విసురుకుని పోట్లాడుకున్నారు. "రూం మంచిగుంది, గాలి మస్తుగొస్తుంది అనుకుంటున్నరు" అని చెప్పాను. పిల్ల పెట్టె పట్టుకుని వెళ్ళిపోయింది. "అత్తను సూసొస్తనని పోతుంది" అన్నాను. అత్తమ్మ నా వైపు ఒకసారి చూసి, మళ్ళీ టీవీ వైపు తిరిగింది. అప్పుడు ఆ పిల్లవాడి తల్లి రొప్పుతూ మెట్లెక్కి ఆ గదికి వచ్చింది. కొడుకు పక్కన మంచం మీద కూర్చుంది. ఇదే అదను అనుకుని, నెల రోజులుగా నా గొంతులో ఉన్నదంతా వెళ్ళగక్కాను. "కొత్త జంటను ఎడబాపితే పాపమట. రూం నేనే సూసి పెట్టాల్సి ఉండె అంటుంది. కోడలు మంచిది, కొడుకును నా నుంచి గుంజుకపోతలేదు, జర మాట్లాడుకునే జాగ కోసమే అడుగుతుంది అంటుంది."

అత్తమ్మ మెల్లగా అంది: "గామె ఇంక నోరే తెరవలేదు గదనే."

నిజమే. టీవీలో ఆమె అంతసేపూ కొడుకు చొక్కాకు గుండీ కుడుతూ కూర్చుంది. సరిగ్గా అప్పుడే దారం కొరికి, నోరు తెరిచి, ఏదో రెండు మాటలు అని ఏడ్చింది. నేను చెప్పడానికి ఏమీ మిగల్లేదు. ఆ తరువాత అరగంట సినిమా నా ఇంగ్లీషు లేకుండానే నడిచింది. చివర్లో పిల్ల తిరిగి వచ్చింది, ఇద్దరూ కావలించుకున్నారు, పెద్దవ్వ కళ్ళు తుడుచుకుని ఇంటికి పోయింది.

అత్తమ్మ ఊదుబత్తి బూడిద తుడుస్తూ, "నీకు ఇంగ్లీషు ఎంతదాంక వస్తదే?" అంది.

"హనీ దాంక వస్తదత్తమ్మా" అన్నాను.

ఆమె నవ్విన నవ్వుకు పెరట్లో కోళ్ళు బెదిరాయి. నవ్వీ నవ్వీ కొంగుతో కళ్ళొత్తుకుని, "నాకు చెప్పనీకి నోరు రాలేదా? దొరసానితోని చెప్పిస్తున్నవ్?" అంది.

"నువ్వు బాధపడ్తవని."

"పడ్త. పడనా మరి? మీరిద్దరు పోతే ఇల్లు సప్పబడదా? బాధ పడ్డంత మాత్రాన వద్దంటనా? ఆ తలుపుకు గొళ్ళెం పెట్టియ్యాలని నేనే అనుకుంటున్న, మీ మామకు చెప్పనీకి నాకే సిగ్గైంది. పొండ్రి, రూం సూసుకోండ్రి. గని పెద్దవ్వకు మాత్రం నీ ఇంగ్లీషు సంగతి చెప్పకు. నా ఇజ్జత్ పోతది."

పదిహేను రోజులకు మేం సామాను కట్టుకున్నాం. అత్తమ్మ బస్టాండు దాకా వచ్చి, బస్సెక్కి మక్కజొన్న పిండి మూట నా ఒడిలో పెట్టి, నా నెత్తి మీద చెయ్యి పెట్టి దిగిపోయింది. కిటికీలోంచి చూస్తే ఆమె వెనక్కి చూడకుండా పోతోంది, కొంగు మాత్రం మొహం మీదే ఉంది. బస్సు మాక్లూర్ చేరేసరికి నేను వెక్కి వెక్కి ఏడుస్తున్నాను. "పోదాం పోదామని నెల సంది నా చెవి కొరికింది నువ్వే గదా" అని మా ఆయన తల పట్టుకున్నాడు. కండక్టరు ఆగి, "ఏందన్నా, కొత్త పెండ్లాన్ని గిట్ల ఏడిపిస్తరా?" అని ఆయనను కోప్పడ్డాడు. బస్సంతా ఆయన వైపే చూసింది. పాపం, ఏం చెప్పుకుంటాడు?

పట్టుమని గంట కూడా లేని ప్రయాణానికి ఏడ్చి, మొగుడిని నలుగురిలో తిట్టించిన ఆ ఇరవై ఒక్కేళ్ళ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. కిటికీలోంచి చూసిన ఆ కొంగు గుర్తొస్తే మాత్రం, ఇన్నేళ్ళ తర్వాత కూడా, జర ఏడుపొస్తుంది.